ఈసీజీలో 'బ్రుగాడా ప్యాటర్న్' అని వచ్చింది, తమ్ముడికి నిద్రలో ఏమైనా అవుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తమ్ముడికి 27 ఏళ్ళు. కొత్త కంపెనీలో చేరేముందు మెడికల్ చేస్తే ఈసీజీ కాగితం పైన మెషీనే నాలుగు ముక్కలు అచ్చు వేసి ఇచ్చింది: ఇన్‌కంప్లీట్ ఆర్‌బీబీబీ (గుండె కుడివైపు విద్యుత్తు దారిలో కొద్దిపాటి ఆలస్యం), బ్రుగాడా టైప్ 2 ప్యాటర్న్, ఎర్లీ రీపోలరైజేషన్ (మొన తర్వాత గీత కాస్త పైకి లేచి ఉండటం), క్యూటీసీ 452 (కింది గదులు విద్యుత్తు వదిలి మళ్ళీ నింపుకోవడానికి పట్టే సమయం, గుండె వేగానికి సరిచేసి మిల్లీసెకన్లలో). అప్పుడు గుండె వేగం 96. మనిషికి ఏ ఇబ్బందీ లేదు. కాలేజీ రోజుల్లో ఒక్కసారి రక్తం తీస్తుంటే కళ్ళు తిరిగి పడ్డాడు. షుగరు, బీపీ ఉన్న మీ పెదనాన్నగారు 62వ ఏట నిద్రలో పోయారు. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూశాక అమ్మగారు రాత్రిళ్ళు లేచి వాడు ఊపిరి తీస్తున్నాడా లేదా అని చూస్తున్నారు. ఐసీడీ, అంటే ఛాతీలో పెట్టే షాక్ మెషీన్, పెట్టించాలా అని మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి ఐసీడీ అవసరం ఏమీ కనపడటం లేదు. బ్రుగాడా అంటే గుండె లయ హఠాత్తుగా తప్పగలిగే ఒక జబ్బు. టైప్ 2 అనేది దాని నిర్ధారణ కాదు, అనుమానం మాత్రమే. చేయాల్సింది ఈసీజీని సరైన చోట బిళ్ళలు (ఛాతీకి అంటించే తీగల కొసలు) పెట్టి మళ్ళీ తీయించడం, ఒక కార్డియాలజిస్టుకి కాగితమూ మనిషినీ రెండూ చూపించడం, జ్వరం వచ్చినప్పుడు ఇంకోసారి తీయించడం. అమ్మగారిని హాయిగా పడుకోమనండి.

నేను గుండె లయ తప్పే జబ్బులు చూసే డాక్టర్ని. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఈ మధ్య ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు బాగా పెరిగారు. మెషీన్లలో సాఫ్ట్‌వేర్ వచ్చాక అది చూసిన ప్రతి వంకరకీ ఒక పేరు పెడుతోంది. పేరు పెట్టడం దాని పని. ఆ పేరు మీ తమ్ముడికి వర్తిస్తుందా లేదా అన్నది దానికి తెలియదు. వాడు ఎప్పుడైనా పడిపోయాడా, ఇంట్లో ఎవరు ఎలా పోయారు అని అది అడగదు కదా.

మొదట బిళ్ళల సంగతి. ఎందుకంటే సగం గొడవ ఇక్కడే తేలిపోతుంది.

ఈసీజీలో వీ1, వీ2 అనే రెండింటిని రొమ్ము ఎముకకి అటూ ఇటూ, నాలుగో పక్కటెముకల సందులో పెట్టాలి. ఆ సందు ఎక్కడుందో కంటితో తెలియదు, వేలితో వెతకాలి. గొంతు కింద గుంటలో వేలు పెట్టి మెల్లగా కిందికి జారిస్తే రెండు అంగుళాలు దిగేలోపు ఎముక మీద అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. ఆ గట్టుకి పక్కన అతుక్కుని ఉన్నది రెండో పక్కటెముక. దాని కింద సందు రెండోది. అక్కణ్ణుంచి ఇంకో రెండు మెట్లు దిగితే నాలుగోది. ఇది చేయడానికి పది సెకన్లు పడుతుంది. పొద్దున్నుంచీ వంద మందికి మెడికల్స్ చేసే చోట ఆ పది సెకన్లు ఎవరికీ ఉండవు. రబ్బరు బుడ్డీని నొక్కి, కంటికి ఆనిన చోట అంటించేస్తారు. అది దాదాపు ఎప్పుడూ పైకే పోతుంది, రెండో సందులోకో మూడో సందులోకో. అలా పైన పెడితే ఆరోగ్యంగా ఉన్న సన్నటి కుర్రాళ్ళలో కూడా వీ1, వీ2లో రెండో మొన ఒకటి లేచి, ఇన్‌కంప్లీట్ ఆర్‌బీబీబీ లాగా, టైప్ 2 లాగా కనిపిస్తుంది. ఛాతీ మధ్యలో గుంట ఉన్నవాళ్ళలో సరైన చోట పెట్టినా అలా రావచ్చు.

రెండేళ్ళ కిందట పెళ్ళి ముహూర్తం పెట్టుకున్న ఒక అబ్బాయి ఇలాంటి కాగితంతోనే వచ్చాడు. అప్పటికే విషయం అమ్మాయి వాళ్ళింటికి చేరింది. వాళ్ళ మేనమామ ఇంటర్నెట్‌లో చదివి 'హఠాత్తుగా పోతారట' అన్నాడట, శుభలేఖలు ప్రెస్సులో ఆగిపోయాయి. నేను చేసిందల్లా చొక్కా విప్పించి, వేలితో నాలుగో సందు వెతికి, పెన్నుతో రెండు చుక్కలు పెట్టి, మళ్ళీ ఈసీజీ తీయడం. రెండో మొన మాయం. తర్వాత కావాలనే రెండో సందులో పెట్టి తీశాను, పాత కాగితంలో ఉన్న బొమ్మే అచ్చంగా వచ్చింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ పెడితే ఏది వచ్చిందో రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆ మేనమామ ఫోన్ చేసి అరగంట ప్రశ్నలు వేశాడు. పెళ్ళి జరిగింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పైన పెట్టినప్పుడు టైప్ 2 లాంటిది వస్తే దానికి విలువ తక్కువ. కానీ పైన పెట్టినప్పుడు టైప్ 1 వస్తే మాత్రం అది లెక్కలోకి వస్తుంది. అనుమానం ఉన్నవాళ్ళకి మేమే కావాలని రెండు, మూడు సందుల్లో కూడా తీస్తాం, దాక్కున్న టైప్ 1 బయటపడుతుందేమో అని. కాబట్టి 'పైన పెట్టారు, అందుకే వచ్చింది, వదిలేయండి' అని ఎవరైనా అంటే, ఏ బొమ్మ వచ్చింది అని అడగండి.

ఆ బొమ్మల తేడా చెప్తాను. టైప్ 1లో గీత కనీసం 2 మిల్లీమీటర్లు పైకి లేచి, అక్కణ్ణుంచి పిల్లల పార్కులో జారుడుబల్లలా వాలుగా దిగి, చివర్లో టీ అనే అల తలకిందులవుతుంది. నిర్ధారణకి పనికొచ్చేది ఇదొక్కటే. టైప్ 2 గుర్రపు జీను ఆకారం: లేచి, కాస్త దిగి, మళ్ళీ లేస్తుంది, టీ అల నిటారుగానే ఉంటుంది. జీనులో కూడా మొదటి మొన సూదిలా సన్నగా ఉంటే అది మామూలు కుర్రాళ్ళ గీతే. గుడారంలా అడుగు వెడల్పుగా ఉంటే అనుమానిస్తాం. మొన నుంచి 5 చిన్న గళ్ళు కిందికి దిగి అడుగు కొలిస్తే సుమారు 4 చిన్న గళ్ళు దాటిందా అని చూస్తాం. మీ దగ్గర కాగితం ఉంది కాబట్టి స్కేలు పెట్టి మీరే చూసుకోవచ్చు. డాక్టరుకి చూపించడం మాత్రం మానకండి.

ఇక అసలు ఈ గీతకీ ప్రాణానికీ సంబంధం ఏమిటి?

గుండె కండరంలో ప్రతి కణం ఒకసారి విద్యుత్తు వదిలి, మళ్ళీ నింపుకుని, తర్వాతి దెబ్బకి సిద్ధమవుతుంది. వదలడం మొదలయ్యేది సోడియం లోపలికి దూకడంతో. కణం గోడలో సోడియం రావడానికి తూముల్లాంటివి ఉంటాయి. బ్రుగాడా ఉన్నవాళ్ళలో కొందరికి ఆ తూములు పుట్టుకతోనే సగమే తెరుచుకుంటాయి. కుడి కింది గదిలోంచి ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే ముఖద్వారం దగ్గర ఈ లోటు బాగా బయటపడుతుంది. ఆ చోటు సరిగ్గా వీ1, వీ2 బిళ్ళల వెనకే ఉంటుంది, అందుకే బొమ్మ అక్కడే కనపడుతుంది. కాలవ చివరి పొలాలకి నీరు ఆలస్యంగా అందినట్టు అక్కడి కండరానికి విద్యుత్తు ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా అందుతుంది. పక్క కణాలు సిద్ధమైపోయాయి, ఇవి ఇంకా కాలేదు. ఆ తేడాలోంచి ఒక దెబ్బ దారితప్పి గుండ్రంగా తిరగడం మొదలుపెడితే కింది గదులు కొట్టుకోవడం మానేసి చలికి వణికినట్టు వణుకుతాయి. దాన్నే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటాం. రక్తం ముందుకి పోదు. పది, పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. కొన్నిసార్లు దానంతట అదే ఆగిపోతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. ఆగకపోతే షాక్ తప్ప దారి లేదు.

పెద్రో, జోసెప్ బ్రుగాడా అనే అన్నదమ్ములు 1992లో ఎనిమిది మంది రోగుల కథతో దీన్ని రాశారు. 1998లో ఎస్‌సీఎన్5ఏ అనే జన్యువుతో సంబంధం దొరికింది. అది కూడా సుమారు అయిదోవంతు మందిలోనే దొరుకుతుంది, అందుకే జన్యు పరీక్ష నెగెటివ్ వస్తే జబ్బు లేదని కాదు.

కానీ ఆ జబ్బు అంతకు ముందే ఉంది, పేర్లే వేరు. ఫిలిప్పీన్స్‌లో బంగుంగోట్ అంటారు, జపాన్‌లో పొక్కురి, థాయ్‌లాండ్ ఈశాన్యంలో లై తాయ్. అన్నిచోట్లా ఒకటే కథ: పగలంతా పని చేసుకున్న వయసు మగవాడు రాత్రి నిద్రలో మూలిగి, గురగురమని, పొద్దున్నకి లేవడు. లావోస్ నుంచి అమెరికా వెళ్ళిన శరణార్థుల్లో ఇలాంటి చావులు వరసగా జరిగితే 1981లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాటి గురించి రాసింది. థాయ్ పల్లెల్లో విధవ దెయ్యం మగవాళ్ళని తీసుకుపోతోందని మగవాళ్ళు ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని పడుకునేవారట. మన ఊళ్ళలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సున్నంతోనో బొగ్గుతోనో రాసిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. అదీ ఇదీ ఒకటే అని నేననను, దానికి ఆధారం లేదు. లై తాయ్ విషయంలో మాత్రం 1997లో నాడెమనీ అనే డాక్టర్ బృందం బతికి బయటపడ్డవాళ్ళని, అనుమానం ఉన్నవాళ్ళని పరీక్షిస్తే సగానికి పైగా మందిలో ఈ బ్రుగాడా గీతే కనిపించింది.

ఇది చదివి మళ్ళీ భయపడకండి. అంకెలు చూడండి. యూరప్‌లో నాలుగు దేశాల్లో టైప్ 1 ఉన్న 1,029 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2010లో ఫింగర్ అనే అధ్యయనం వచ్చింది. అంతకు ముందే గుండె ఆగి బతికినవాళ్ళలో ఏడాదికి నూటికి 7.7 మందికి మళ్ళీ ప్రమాదం వచ్చింది. స్పృహ తప్పిన చరిత్ర ఉన్నవాళ్ళలో 1.9. ఏ లక్షణం లేనివాళ్ళలో 0.5. అందరిదీ టైప్ 1 గీతే. తేడా ఎక్కడ వచ్చింది? మనిషి కథలో. మీ తమ్ముడికి టైప్ 1 కూడా లేదు, అంటే ఆ 0.5 వరసలో కూడా ఇంకా నిలబడలేదు.

అందుకే నేను కాగితం పక్కన పెట్టి ముందు అడిగేవి ఇవి.

ఎప్పుడైనా పడిపోయాడా, ఎలా పడ్డాడు? రక్తం తీసేటప్పుడు, ఎండలో క్యూలో నిలబడ్డప్పుడు, గుళ్ళో ఉపవాసంతో ఉన్నప్పుడు, ముందు చెమటలు పట్టి, చెవుల్లో హోరు, కళ్ళకి చీకట్లు కమ్మి పడితే అది మామూలు కళ్ళు తిరగడమే. మీ తమ్ముడిది ఇదే. దీన్ని ప్రమాదం లెక్కలో వేయం. కూర్చుని టీవీ చూస్తూ ఏ హెచ్చరికా లేకుండా వాలిపోవడం, నిద్రలో వింత శబ్దం చేసి మూత్రం పోవడం, జ్వరంలో పడిపోవడం, ఇవి వేరు.

ఇంట్లో ఎవరైనా 45 ఏళ్ళ లోపు హఠాత్తుగా పోయారా? 62 ఏళ్ళ షుగరు పేషెంటు నిద్రలో పోతే మొదట అనుమానించాల్సింది గుండె రక్తనాళాల్లో పూడికని. మన దగ్గర ఒక చిక్కుంది. నిద్రలో పోతే 'పుణ్యాత్ముడు, ఎవరి చేతా చేయించుకోలేదు' అంటాం. ఎనభై ఏళ్ళ తాతకి ఆ మాట సరే. ముప్పై అయిదేళ్ళ బాబాయి అలా పోయినా 'గుండెపోటు' అని ఒక్క ముక్కలో తేల్చేసి, పోస్ట్‌మార్టం లేకుండా కానిచ్చేస్తాం. ఇరవై ఏళ్ళ తర్వాత నేను అడిగితే ఎవరికీ ఏమీ గుర్తుండదు. నీళ్ళలో మునిగి పోయిన ఈతగాళ్ళు, కారణం లేకుండా బండి అదుపు తప్పిన వాళ్ళు, మందులకి లొంగని ఫిట్స్ ఉన్నవాళ్ళు కూడా ఇంట్లో ఉన్నారేమో అడగండి. పెద్దత్తలని అడిగితే తొందరగా తెలుస్తుంది, వాళ్ళకి అన్నీ గుర్తుంటాయి.

దీనికి నా దగ్గర మరిచిపోలేని కేసు ఒకటి ఉంది. గోదావరి జిల్లాల్లో చెరువుల సాగు చేసే 34 ఏళ్ళ రైతు. రెండేళ్ళుగా ఫిట్స్ మందు వాడుతున్నాడు. ఎంఆర్ఐ, ఈఈజీ రెండూ బాగున్నాయి. అయినా మూడు నాలుగు నెలలకోసారి తెల్లవారుజామున వస్తోంది. గదిలో అందరూ ఆయన్నే అడుగుతున్నారు, ఆయనకేమో ఏమీ తెలియదు, నిద్రలో ఉన్నాడు కదా. వాళ్ళావిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను ఆమెని కూర్చోబెట్టి ఏం చూశావమ్మా అంటే చెప్పింది: "ముందు గురక ఆగిపోద్దండి. ఆ నిశ్శబ్దానికే నాకు మెలకువ వస్తది. తర్వాత గొంతులో నీళ్ళు తిరిగినట్టు గురగురమంటారు. మొహం నల్లబడిపోద్ది. నేను గుండెల మీద దబదబా కొడతాను. లేచి, ఎందుకు కొడుతున్నావే అంటారు." ఫిట్స్ వచ్చినవాడు లేవగానే అలా మాట్లాడడు, చాలాసేపు మత్తుగా, అయోమయంగా ఉంటాడు. ఆయన ఈసీజీ మామూలుగా ఉంది. రెండో సందులో తీస్తే జారుడుబల్ల. ఆయనకి ఐసీడీ పెట్టాం. ఏడాదిన్నర తర్వాత ఒక రాత్రి అది షాక్ ఇచ్చింది. మర్నాడు మెషీన్‌లో చూస్తే రాత్రి 3 దాటాక వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, షాక్, మామూలు లయ, మూడూ వరసగా రాసి ఉన్నాయి.

మీ తమ్ముడికి పెట్టొద్దని ఎందుకంటున్నానో, ఈయనకి ఎందుకు పెట్టామో ఇప్పుడు తెలిసి ఉంటుంది. ఐసీడీ తాయెత్తు కాదు. గుండెలోకి వెళ్ళే తీగ తెగొచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, కొన్నేళ్ళకోసారి బ్యాటరీ కోసం మళ్ళీ కోయాలి, అవసరం లేకుండా కూడా షాక్ కొట్టొచ్చు. 27 ఏళ్ళ కుర్రాడికి పెడితే ఇవన్నీ జీవితాంతం మోయాలి. అవసరమైన చోట ఇవన్నీ భరిస్తాం, లేనిచోట ఎందుకు?

జ్వరం సంగతి. శరీరం వేడెక్కితే ఆ సోడియం తూములు ఇంకా తొందరగా మూసుకుపోతాయి. మామూలప్పుడు దాక్కున్న టైప్ 1 డెంగీలోనో మలేరియాలోనో బయటికి వస్తుంది, ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. ట్రైనింగులో ఉన్న రోజుల్లో ఒక రాత్రి 103 జ్వరంతో ఒకాయన వచ్చాడు, ఛాతీలో నలతగా ఉందన్నాడు. ఈసీజీలో వీ1, వీ2 లేచి ఉన్నాయి. గుండెపోటు అనుకుని హడావుడిగా యాంజియో చేయించాను. నాళాలు అద్దంలా ఉన్నాయి. జ్వరం తగ్గాక గీత మామూలైపోయింది. 'జ్వరానికి వచ్చిన మార్పు' అని రాసి ఇంటికి పంపేశాను. మా ప్రొఫెసరు మూడు రోజుల తర్వాత ఫైలు తిరగేస్తూ ఆ కాగితం చూసి, ఒక్క మాట మాట్లాడకుండా నా ముందు పెట్టి వెళ్ళిపోయారు. ఆ మనిషిని మళ్ళీ పిలిపించి చూస్తే, అన్న 30 ఏళ్ళకి నిద్రలో పోయాడని చెప్పాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కాబట్టి మీ తమ్ముడికి జ్వరం 100 దాటితే వెంటనే పారాసెటమాల్ వేయండి, తడిగుడ్డ పెట్టండి, వీలైతే ఆ రోజే ఒక ఈసీజీ తీయించి దాచండి. జ్వరంలో కూడా జారుడుబల్ల రాలేదంటే ఆ కాగితం చాలా పెద్ద ధైర్యం.

మీ ప్రశ్న కింద ఒకాయన మంచి ఉద్దేశంతోనే రాశారు: వాళ్ళ బావమరిదికి గుండె దడ వస్తే ఫ్లెకైనైడ్ ఇచ్చారట, బాగా పనిచేసిందట, ముందుజాగ్రత్తగా మీరూ అడగమన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్లెకైనైడ్ సోడియం తూముల్నే మూస్తుంది. దాక్కున్న బ్రుగాడాని బయటికి లాగడానికి మేం ఆసుపత్రిలో, షాక్ మెషీన్ పక్కన పెట్టుకుని వాడే మందుల్లో అదొకటి. కొందరిలో ప్రాణాంతకమైన లయ తెప్పించేదే అది. ఇంకో పాత పాఠం కూడా ఉంది. గుండెపోటు వచ్చినవాళ్ళలో ఎక్స్‌ట్రా బీట్లు కనిపిస్తే, వాటిని అణిచేస్తే హఠాన్మరణాలు తగ్గుతాయని ఒకప్పుడు అందరూ నమ్మారు. కాస్ట్ అనే ట్రయల్‌లో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇచ్చి చూశారు. ఎక్స్‌ట్రా బీట్లు తగ్గాయి. మనుషులు మాత్రం ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళ కంటే రెట్టింపు పైగా చనిపోయారు. 1989లో ఆ ఫలితం వచ్చాక మా రంగంలో చాలామంది చేతులు వణికాయి.

బ్రుగాడా ఖాయమైనవాళ్ళు తప్పించుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి: అమిట్రిప్టిలిన్ లాంటి కొన్ని మానసిక మందులు, లిథియం, కొన్ని మత్తుమందులు, అతిగా తాగడం. ఆపరేషన్ అంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. మీ తమ్ముడు ఇంకా ఆ జాబితా జేబులో పెట్టుకుని తిరగాల్సిన స్థితిలో లేడు. టైప్ 1 ఖాయమై, లక్షణాలు కూడా ఉండి, ఐసీడీ పదేపదే షాక్ కొడుతుంటే క్వినిడిన్ అనే పాత మందు ఉంది, ముఖద్వారం పైపొరని కాల్చే అబ్లేషన్ ఉంది. అవి మీకు సంబంధించినవి కావు, అందుకే వదిలేస్తున్నాను.

మిగిలిన రెండు మాటలు. ఎర్లీ రీపోలరైజేషన్ కుర్రాళ్ళలో, ఆటలాడేవాళ్ళలో మామూలే. 2008లో హైసగేర్ బృందం కారణం తెలియని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ వచ్చినవాళ్ళలో 31 శాతం మందికి ఇది ఉందనీ, మామూలు జనంలో 5 శాతం మందికే ఉందనీ రాసేసరికి ప్రపంచమంతా హడలిపోయింది. అదే ఏడాది ఇంకో బృందం లెక్క వేసి చూపించింది: యువకుల్లో లక్షకి 3.4గా ఉండే ప్రమాదం ఇది ఉంటే లక్షకి 11 అవుతుంది. మూడు రెట్లు అంటే భయం వేస్తుంది. లక్షలో పదకొండు అంటే మిగతా 99,989 మందికి ఏమీ కాలేదని. మొన తర్వాత గీత పైకి ఎక్కుతూ పోతే నేను దాని గురించి పేషెంటుకి చెప్పను కూడా చెప్పను.

క్యూటీసీ 452 అన్నది మీ తమ్ముడి టెన్షన్ కొలత అనుకోండి. గుండె వేగం 96 ఉన్నప్పుడు మెషీన్ వాడే బాజెట్ సూత్రం ఎక్కువ చేసి చూపిస్తుంది. అదే కొలతని ఫ్రెడెరీసియా సూత్రంతో వేస్తే 418 వస్తుంది. నేను వేసి చూశాను. మామూలే. మేం కంగారు పడేది 500 దగ్గర. అక్కడ టోర్సాడ్ అనే మెలికలు తిరిగే ప్రమాదకరమైన లయ రావచ్చు. పుట్టుకతో లాంగ్ క్యూటీ, అంటే ఈ సమయం మరీ ఎక్కువగా, ఉన్నవాళ్ళలో ఒకరకం ఈతలో, పరుగులో పడిపోతారు, ఇంకోరకం అలారం మోగితే పడిపోతారు. పుట్టు చెవుడుతో కలిసి వచ్చే జెర్వెల్, లాంగె-నీల్సన్ రకం తల్లిదండ్రులిద్దరి నుంచీ జన్యువు వస్తేనే వస్తుంది, కాబట్టి మేనరికాలు ఎక్కువున్న మన కుటుంబాల్లో చెవిటి పిల్లవాడు పరిగెడుతూ పడిపోతే ఫిట్స్ అనుకునే ముందు ఒక ఈసీజీ తీయించాలి. లాంగ్ క్యూటీ ఉన్నవాళ్ళు తప్పించుకోవాల్సిన మందుల జాబితా బ్రుగాడా జాబితా కాదు, వేరు. అజిత్రోమైసిన్, ఆండాన్‌సెట్రాన్, లివోఫ్లాక్సాసిన్ లాంటివి అందులో వస్తాయి. లాంగ్ క్యూటీలో ప్రాణం కాపాడే బీటా బ్లాకర్లు (గుండె వేగం తగ్గించే మందులు) బ్రుగాడాలో కాపాడవు. రెండు వీడియోలు కలిపి చూసి మందులు కలిపేసుకునేవాళ్ళున్నారు, అందుకే చెప్తున్నాను.

ఒకవేళ మళ్ళీ తీసినప్పుడు దానంతట అదే టైప్ 1 వస్తే, నేను రాసిన సగం మాటలు మారతాయి. అప్పుడు గుండె లయ చూసే డాక్టర్ని, అంటే ఎలక్ట్రోఫిజియాలజిస్టుని కలవాలి, మీ అమ్మానాన్నలకి, మీకు, అక్కచెల్లెళ్ళకి కూడా ఈసీజీలు తీయాలి, ఎందుకంటే ఈ లోపం ఒక్కరి నుంచే పిల్లలకి సగానికి సగం అవకాశంతో దిగుతుంది. అప్పుడు కూడా లక్షణాలు లేకపోతే చాలామందికి మెషీన్ పెట్టం, గమనిస్తాం. సరైన చోట తీసినా గుడారంలా వెడల్పాటి జీనే వస్తే, మందు ఇచ్చి చూసే పరీక్ష చేయాలా వద్దా అన్నది ఇంట్లో కథని బట్టి. మీ ఇంట్లో ఉన్న కథకి నేనైతే చేయను. మందుతో మాత్రమే టైప్ 1 వచ్చి ఇంకేమీ లేకపోతే దాన్ని జబ్బు అనడానికి ఆధారం బలహీనమనే 2022 యూరప్ మార్గదర్శకాలు కూడా చూస్తాయి.

ఈ ఆదివారం ఒక పని చేయండి, తమ్ముడి కోసం కాదు, షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉండి ఉంటారు కాబట్టి. ఎవరైనా పడిపోయి, పిలిస్తే పలక్క, ఊపిరి సరిగా లేకపోతే 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ వేసి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతు నొక్కడం ఇంట్లో అందరూ నేర్చుకోండి. ఆ రైతు భార్య ఎవరూ నేర్పకుండానే దబదబా కొట్టేది. నొక్కడం నేర్పించాక, ముందే తెలిస్తే చేతులు అంత నొప్పి పుట్టేవి కాదు కదండీ అంది.

మళ్ళీ తీసిన ఈసీజీ ఇక్కడ పెట్టేటట్టయితే పేరు, ఫోన్ నంబరు ఉన్న అంచు మడిచి ఫొటో తీయండి. ప్రతి కాగితం మీదా బిళ్ళలు ఏ సందులో పెట్టారో టెక్నీషియన్ చేత రాయించండి. స్పీడు 25, ఎత్తు 10, ఫిల్టర్ ఎంత అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది కత్తిరించకండి. తీసే ముందు కుర్రాడిని పది నిమిషాలు ఊరికే పడుకోనివ్వండి, 96 కాస్తా 70కి దిగుతుంది. అప్పుడు చూస్తాను.